చీపురు తీగ

కొలార్డ్ ఆకుకూర మూడు నీళ్ళు కడిగినా ఇసక వదలదు. నాలుగోసారి నీళ్ళు పోస్తుంటే ముందుగదిలోంచి నా మొగుడు క్లీటస్ కేకేశాడు.

"వెర్నెల్, ఇలా రా. నువ్వేం పాడక్కర్లేదు, వెనకాల ఊఁ కొడితే చాలు."

నలభై ఆరేళ్ళుగా చేస్తున్నది అదే కదా. అతను పాడడానికి పోయిన ప్రతి శనివారం చొక్కా ఇస్త్రీ చేశాను. తెల్లవాళ్ళ బట్టలుతికి పిల్లల్ని సాకాను. ఆదివారం చర్చిలో అతని తరఫున తల దించుకున్నాను. ఇప్పుడు ముసలితనంలో తన బతుకంతా మా నల్లవాళ్ళ బ్లూస్ పాటలుగా కట్టి ఆల్బమ్ చేస్తున్నాడు. మెంఫిస్ పట్నం నుంచి ఒకతను మిషను తెచ్చి మా ముందుగదిలోనే రికార్డు చేస్తున్నాడు. పది పాటలు. వాటిలో వాళ్ళమ్మ ఉంది, చచ్చిపోయిన కంచరగాడిద ఉంది, డెట్రాయిట్‌లో ఎవత్తో కూడా ఉంది. నేను లేను. సరే, అదీ మింగాను.

చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళి నిలబడ్డాను. మొదటి పాట ఎత్తుకున్నాడు. అందులో ఏడేళ్ళ పిల్లాడు, అంటే తనే, అమ్మ చీపురుకి చుట్టిన తీగ విప్పి, చెక్కగోడకి రెండు మేకులు కొట్టి బిగించి, తీగ మీద సీసా రుద్దుతూ వాయించాడట. చీపురు పాడుచేశాడని అమ్మ వీపు చిట్లేలా కొట్టిందట.

ఆ చీపురు మా అమ్మది. గోడ మాది. చిట్లిన వీపు నాది, మచ్చ ఇంకా ఉంది. క్లీటస్ పక్కింటి పిల్లాడు, ముక్కు కార్చుకుంటూ నిలబడి చూసేవాడు. జాలిపడి సీసా చేతికిచ్చింది నేను. పెళ్ళయ్యాక వాళ్ళమ్మ అంది, అది దయ్యం పాట, ఆడది వాయిస్తే చర్చి గడప తొక్కనివ్వరని. కొడుకు వాయిస్తే మాత్రం దయ్యం ఊరుకుంటుంది కాబోలు. ఆ రోజే వాయించడం మానేశాను.

"క్లీటస్, దెబ్బలు తిన్నదెవరు?" అన్నాను.

"పాటలో ఎవరి వీపైతే ఏంటే? జనానికి కథ కావాలి. నువ్వు ఊఁ అను."



వంటింట్లోకి వెళ్ళి మూలనున్న చీపురు తీగ విప్పాను. పుల్లలు నేలంతా రాలాయి. ఊడ్చేదెవరో నాకనవసరం. సుత్తి, మేకులు తెచ్చి క్లీటస్ కుర్చీ వెనక గోడకి మొదటిది కొట్టాను. రికార్డు పాడవుతోందని క్లీటస్ గొణిగాడు. మెంఫిస్ అతను ఆపలేదు, మిషను తిరుగుతూనే ఉంది.

రెండో మేకు కొట్టి తీగ బిగించాను. ఈసారి నన్ను కొట్టడానికి మా అమ్మ లేదు.