ఆగి ఉన్న బండి ఖర్చు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: అయిదేళ్లు నడిచిన తెల్ల హైబ్రిడ్ కారు, అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల కంపెనీతో ఏడాదికి రాసుకున్న కాంట్రాక్టు, అబ్బులు అనే డ్రైవరు. వీటితో పాటు, జాలరిపేటలో ఇరవై ఆరేళ్లుగా వలలూ తాళ్లూ అమ్మగా వచ్చిన ఒక నమ్మకం: ఏ సరుకైనా చేత్తో పట్టుకుంటే అది ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పగలనని.

షాపు మీద రాబడి రెండేళ్లుగా పడిపోతోంది. అందుకే కారు కొన్నాను. కారు వాయిదాలు కాంట్రాక్టు కట్టాలి, షాపు ఇల్లు నడపాలి. కంపెనీ పని కష్టమైనదేమీ కాదు. బయటి ఊళ్ల నుంచి ఫ్యాక్టరీ తనిఖీకి వచ్చేవాళ్లను ఎయిర్‌పోర్టు నుంచో హోటల్ నుంచో తీసుకెళ్లి గేటు దగ్గర దింపాలి. సాయంత్రం దాకా అక్కడే ఉండి వెనక్కి తేవాలి. షరతు ఒక్కటే. ఏడాదిలో మూడుసార్లు ఆలస్యమైతే కాంట్రాక్టు రద్దు. ఆ షరతు రెండుసార్లు చదివి, నవ్వుతూ సంతకం పెట్టాను.

అబ్బులుకు నేను పెట్టిన నియమమూ ఒక్కటే. ఆగిన బండికి పెట్రోలు తాగించకూడదు. గేటు దగ్గర ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా ఉత్త నిరీక్షణ. అంతసేపూ ఇంజను వేసుకుని కూర్చుంటే నాకు మిగిలేది ఏముంటుంది? అబ్బులు తెలివైనవాడు, వారం తిరక్కుండానే ఒక ఉపాయం కనిపెట్టాడు. బ్రేకు తొక్కకుండా స్టార్ట్ బటన్ రెండుసార్లు నొక్కితే ఇంజను లేవదు గానీ ఫ్యాను తిరుగుతుంది, పాటలు వస్తాయి. చుక్క పెట్రోలు ఖర్చు కాదు. వాడి భుజం తట్టి, నెలకు రెండొందలు అదనంగా ఇస్తానన్నాను.

అయిదో నెలలో అబ్బులు షాపుకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, బండి పొద్దున్నే బద్దకంగా లెగుస్తన్నాదండి. రిమోటు రెండుసార్లు నొక్కితే గాని తలుపు రావట్నేదు. గడియారం సూస్తే పన్నెండు."

"పన్నెండింటికి లెగిసావేటి నువ్వు?"

"నాను ఆరింటికే లెగిసానండి. బండే పన్నెండంటంది. నిన్నా అంతే."

"రిమోట్లో సెల్లు మార్పించు. టైము చూడ్డానికి నీ చేతిలో ఫోనుంది కదా."

ముప్పై రూపాయల సెల్లు మార్చాం. ఆ రోగానికి నేను చేసిన మొదటి వైద్యం అది.

తర్వాతి వారం బీచ్ రోడ్డు హోటల్ ముందు బండి మొరాయించింది. పెట్రోలుతోనూ, సీటు కింది పెద్ద బ్యాటరీతోనూ నడిచే ఈ రకం బండి లేచినప్పుడు చప్పుడు చెయ్యదు. పచ్చటి అక్షరాలతో 'రెడీ' అని వెలిగితే కదలొచ్చని అర్థం. ఆ రోజు 'రెడీ' తప్ప మిగతా దీపాలన్నీ వెలిగాయి. ఎర్రవి, పసుపువి, మేమెప్పుడూ చూడనివి కూడా. లోపల ఎక్కడో టిక్కు టిక్కుమని బల్లి పలికినట్టు శబ్దం. లోపల కూర్చున్న పెద్దమనిషి వాచీ చూసుకోవడం, అబ్బులు బటన్ నొక్కడం. నలభై నిమిషాల తర్వాత ఎందుకు లేచిందో తెలియకుండానే లేచింది.

కంపెనీలో బండ్ల వ్యవహారం చూసేది జ్యోతిర్మయి గారు. కాకినాడ వైపు మనిషి. మాట మెత్తన, కలం గట్టి.

"అర్జునరావు గారూ, ఒకటి రాసుకున్నానండి," అంది ఫోన్లో.

షోరూమ్‌కి ఫోన్ చేస్తే బండి నాలుగు రోజులు వదిలిపెట్టమన్నారు. పెద్ద బ్యాటరీ పోయి ఉంటే ఎంతవుతుందని అడిగాను. వాళ్లు చెప్పిన లక్షల లెక్క విని ఫోన్ పెట్టేశాను. నాలుగు రోజులు బండి లేకపోతే మిగతా రెండు ఆలస్యాలూ అక్కడే పూర్తవుతాయి. అందుకని ఆటోనగర్‌లో ఉమామహేష్ దగ్గరకు తీసుకెళ్లాను. లారీల మెకానిక్కు, వరసకు బావమరిది.

"సెల్ఫ్ కొట్టు బావా, ఇంటాను," అన్నాడు.

"దీనికి సెల్ఫ్ చప్పుడుండదురా."

"సప్పుడుండదా?" బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాడు. చాలాసేపు వెతికాడు. "ముందర బ్యాటరీ కూడా నేదేటి! డబ్బులిచ్చి కొన్నావా, ఎవడైనా ఊరికే అంటగట్టీసినాడా?"

అక్కడే ఇద్దరం తప్పు చేశాం. మా వైపు లారీ అయినా, మరబోటు అయినా బ్యాటరీ పోయేముందు సెల్ఫ్ మూలుగుతుంది. ఆ మూలుగు వినే మేము ఇంకో వారమా, ఇంకో నెలా అని చెబుతాం. ఈ బండి మూలగలేదు గనక మామూలు బ్యాటరీ సంగతి ఇద్దరికీ తోచలేదు. వెనక సీటు కింది నారింజ రంగు కేబులు చూసి ఉమామహేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ముట్టుకుంటే మరి నన్ను నలుగురు మొయ్యాల. పెద్ద బ్యాటరీయే పోనాది బావా."

సీటు పక్కన, ఆ బ్యాటరీకి గాలి పోయే జల్లెడలో దుమ్ము మాత్రం దులిపాడు. దులిపాక బటన్ నొక్కితే ఒక్క దెబ్బకు 'రెడీ' వచ్చింది. సీతమ్మధారలోని మా ఇంటి నుంచి ఆటోనగర్ దాకా నడిచి వచ్చిన బండి కాబట్టి వచ్చింది. మేము మాత్రం దుమ్మే జబ్బని తేల్చి టీ తాగాం.

రెండోసారి సోమవారం ఉదయం. శనివారం గేటు దగ్గర ఏడు గంటలు నిలబడింది, ఆదివారమంతా మా ఇంటి కింద పడుకుంది. సోమవారం యాభై నిమిషాలు ఆలస్యం.

"రెండోదండి," అంది జ్యోతిర్మయి గారు. "మూడోది నా దాకా ఉండదు. పైవాళ్లే సంతకం పెట్టేస్తారు."

ఆ సాయంత్రం షాపు తలుపు దగ్గరగా వేసి ట్రిప్ చీటీలన్నీ ముందేసుకున్నాను. గేటు లోపలికి ఎప్పుడు, బయటికి ఎప్పుడు, అన్నీ వాటి మీద ఉంటాయి. బండి బద్ధకించిన ఉదయాలన్నిటికీ పెన్సిలుతో గుర్తు పెట్టాను. నేననుకున్నది ఎక్కువ తిరిగిన రోజుల తర్వాత మొరాయిస్తోందని. చీటీలు వేరే మాట చెప్పాయి. ఎయిర్‌పోర్టుకీ ఫ్యాక్టరీకీ మూడేసి ట్రిప్పులు కొట్టిన రోజుల మర్నాడు బండి బంగారం. గేటు దగ్గర రోజంతా కూర్చున్న మర్నాడే గొడవ. పడవలు సముద్రంలో పాడవుతాయి. నా కారు ఒడ్డున పాడవుతోంది.

అబ్బులును పిలిచాను.

"గేటుకాడ ఆగినప్పుడు ఏటి సేత్తావు?"

"ఏటి సేత్తానండీ, కూకుంటాను. ఫేను, పాటలు. నా ఫోను సార్జింగు. సెక్యూరిటీ ఆడిది కూడా పెడతాను, పాపం అడుగుతాడు. ఉక్కపోస్తే తలుపు తీసీసి కాళ్లు సాపుతాను."

"రోజంతానా?"

"మీరే కదండీ ఇంజను వెయ్యొద్దన్నారు!" వాడి గొంతులో నేరం లేదు. గర్వం ఉంది.

ఉమామహేష్ కూడా ఊరికే కూర్చోలేదు. ఇలాంటి బండి తెలిసినవాణ్ణెవణ్ణో పట్టుకుని అడిగి, మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. డిక్కీలో పరిచిన చాప ఎత్తి, కుడి పక్క మూత తీశాడు. లోపల స్కూలు పిల్లల టిఫిన్ డబ్బాకు కాస్త పెద్దదిగా ఒక బ్యాటరీ.

"సూడు బావా. సీటు కిందున్నది ఏనుగు. ఇది మావటి. ముందర ఈడు లెగిసి అంకుశం పడితేనే ఏనుగు లెగుస్తాది. రెడీ ఎలిగినంతసేపూ ఏనుగే ఈడికి తిండి పెడతాది. రెడీ నేకుండా పాటలు పెట్టుకుంటే మాత్రం ఈడు ఆకలితోనే పనిసెయ్యాల."

మీటరు పెట్టాడు. రాత్రంతా ఊరికే ఉన్నదానికి పన్నెండున్నర వోల్టుల పైన చూపించాల్సింది, పదకొండు పాయింట్ ఏడు చూపించింది. దీపాలు వేయించాడు. అంకె పది దగ్గరకు పడింది. బ్యాటరీ మీద కారు పుట్టిన సంవత్సరమే ఉంది. దాని వయసూ అయిపోయింది, మిగిలినదాన్ని నా పొదుపు తినేసింది. రిమోటు రెండుసార్లు నొక్కించుకున్నప్పుడు, గడియారం పన్నెండుకు తిరిగినప్పుడు, పిచ్చి దీపాలన్నీ ఒకేసారి వెలిగినప్పుడు, బల్లి పలికినప్పుడు, అది నాలుగుసార్లు చెప్పింది. చెవులున్న ఇద్దరం మూలుగు కోసం చూశాం.

రోగం తెలిశాక మందు దొరకాలి కదా. డిక్కీలో ఉండేది గనక గాలి బయటికి పోయే గొట్టమున్న రకమే పెట్టాలట. మేము ఫోన్ చేసిన ఏ షాపులోనూ లేదు. చెన్నైలో ఒకాయన దగ్గర ఉంది, రెండు రోజుల్లో పంపుతాడు, కానీ ఒక్కటి పంపడు, జత తీసుకోవాలి. ఒక్క కారుకు ఇద్దరు మావటులెందుకయ్యా అంటే ఇష్టమైతే తీసుకోండన్నాడు. నేను నా షాపులో వందమందితో అన్న మాటే అది. డబ్బు పంపాను.

ఈలోపు మర్నాడు తొమ్మిదింటికి ఎయిర్‌పోర్టులో ఒక మనిషిని ఎక్కించుకోవాలి. వేరే బండి పంపుదామంటే సెజ్ గేటు పాసు ఈ నంబరుకే ఉంది. కొత్త పాసుకు రెండు రోజులు. కాబట్టి ఒక్కటే దారి. పొద్దున్నే ఉమామహేష్ బయటి బ్యాటరీ తగిలించి బండిని లేపుతాడు. సాయంత్రం దాకా దాన్ని ఆపకూడదు. జాగ్రత్త కోసం జంపర్ కేబుళ్లు కొని డిక్కీలో పెట్టించాను.

"రేపు బండి ఆపీకు అబ్బులూ. పెట్రోలు ఎంత కాలినా సరే."

షాపుకు నిప్పు పెట్టమన్నట్టు చూశాడు నన్ను.

విమానం గంటన్నర ఆలస్యమైంది. తొమ్మిదీ ఇరవైకి ఫోన్ మోగింది.

"బాబూ... ఆపీసానండి."

"ఎందుకురా?"

"ఖాళీ బండిలో ఇంజను దానికదే లెగుస్తాది, పడుకుంటాది, మల్లీ లెగుస్తాది. నలభై నిమిషాలు ఓర్సుకున్నానండి. ఊరికే పెట్రోలు కాలిపోతంటే సూళ్లేకపోనాను. ఒక పావుగంట పాటలు పెట్టుకుందారనీసి..."

"కేబుళ్లు తియ్యి. పక్క టాక్సీవాణ్ణి బతిమాలు."

"డిక్కీలో ఉన్నాయండి."

"అయితే డిక్కీ తియ్యి!"

"బటను పని సెయ్యట్నేదండి."

డిక్కీ తెరవడానికి కరెంటు కావాలి. కరెంటు రావడానికి డిక్కీలోని కేబుళ్లు కావాలి. ఉమామహేష్‌కు ఫోన్ చేశాను. వాడు మోటార్‌సైకిలు మీద పరిగెత్తి, ముందు బానెట్టు కింది తీగల పెట్టె దగ్గర కరెంటు ఇచ్చి దాన్ని లేపేసరికి పదకొండైంది. వచ్చిన పెద్దమనిషి అప్పటికే టాక్సీ ఎక్కి వెళ్లిపోయాడు. టాక్సీ చీటీ గేటు దగ్గర ఇచ్చాడట. మధ్యాహ్నానికల్లా ఉత్తరం వచ్చింది. ఇంకా మిగిలిన ఏడు నెలల పని పోయింది, వచ్చే ఏడాది దరఖాస్తు కూడా తీసుకోబోమన్నారు.

అబ్బులును తిడదామని పిలిచాను. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వాడు చేసినది, నెలనెలా నేను డబ్బిచ్చి చేయించిన పనే. జీతం ఇచ్చి పనిలోనే ఉంచాను. కోపం దిగే చోటు లేక చాలా రోజులు నాలోనే ఉంది. ఇంట్లో అన్నం ముందూ, షాపులో తాడు కొలిచేటప్పుడూ కూడా.

బ్యాటరీలు మూడో రోజు వచ్చాయి. ఒకటి బిగించడానికి ఉమామహేష్‌కు పదిహేను నిమిషాలు పట్టింది. ఆ బండి ఇప్పటిదాకా మళ్లీ మొరాయించలేదు. నిక్షేపంగా ఉన్న బండి, పని లేని బండి. పెళ్లిళ్లకీ, అరకు ట్రిప్పులకీ తిప్పి వాయిదాలు ఎలాగో ఈడ్చుకొస్తున్నాను. రెండో బ్యాటరీ షాపులో వలల పక్కన పడి ఉంది.

రెండు నెలల తర్వాత గాజువాక నుంచి దేవీప్రసాద్ అనే ఆయన ఫోన్ చేశాడు. నా తర్వాత ఆ కాంట్రాక్టు తీసుకున్న మనిషి. ఆయనదీ నా రకం బండే.

"అర్జునరావు గారూ, అడగకూడదు గానీ... మీ బండి పొద్దున్నపూట ఏటైనా ఏసాలేసేదా? మా దానికి రిమోటు సరిగా అందట్లేదు. నిన్న గడియారం పన్నెండు దగ్గర ఆగిపోనాది."

ఊరుకుంటే ఇంకో రెండు వారాల్లో ఆయన పేరు పక్కన కూడా మూడు గీతలు పడతాయి. ఆయన పోతే పని నాకు తిరిగొస్తుందా? రాదు, కాగితం మీద రాసి ఇచ్చారు. నా మౌనాన్ని కొనేవాడు లేడు. ఊరికే కూర్చున్న బ్యాటరీ కూడా రోజురోజుకీ చచ్చే సరుకే.

"డిక్కీలో చిన్న బ్యాటరీ పోతోందండి," అన్నాను. "నా దగ్గర కొత్తది ఒకటుంది."

వెల చెప్పాను.

"మరీ అంతేటండీ! చెన్నై నుంచి తెప్పించుకుంటే తగ్గుద్దేమో."

"తగ్గుతుంది. రెండు రోజులు పడుతుంది, జత కొనాలి. రేపు మీకు గెస్టున్నాడా?"

అవతల ఆయన ఎవరినో రేపటి ట్రిప్పు టైము అడిగాడు.

"మీ డ్రైవరుతో పంపించీయండి," అన్నాడు.

గేటు దగ్గర ఆగినప్పుడు 'రెడీ'లోనే ఉంచమని, ఆపితే పాటలూ ఫ్యానూ కూడా ఆపమని డ్రైవరుకు చెప్పమన్నాను. ఆ మాటకు వెల కట్టలేదు. ఏడు నెలల పని పోగొట్టుకుని నేర్చుకున్న మాట అది, కట్టినా ఆయన ఇవ్వలేడు. బ్యాటరీ మీద మాత్రం కొన్న వెల, చెన్నై నుంచి వచ్చిన కిరాయిలో సగం, అబ్బులు గాజువాక వెళ్లొచ్చిన పెట్రోలు తీసేయగా నాకు మిగిలింది వెయ్యిన్నూట నలభై రూపాయలు.