తల ఊపే కంపైలర్

ఆఫీసులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. అదే గదిలో పనిచేసే సొంత బాబాయే ‘గడుగ్గాయి’ అని పిలుస్తుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఐదు రకాల యునిక్స్ కంప్యూటర్లకి, వాటి మీద ప్రోగ్రాములు తయారుచేయించే ఐదు బిల్డ్ స్క్రిప్టులు బాబాయి రాసి, ఇరవై ఏళ్ళుగా కన్నబిడ్డల్లా సాకుతున్నాడు. గడుగ్గాయి వాటి బదులు ఒక్కటే రాసింది. ఏ యంత్రం మీద పెట్టినా రాసిన కోడ్‌ని యంత్రం భాషలోకి మార్చే అక్కడి కంపైలర్‌కి ఏ ఆప్షన్ పనికొస్తుందో తనే తేల్చుకుని, మిగతా ప్రోగ్రాములన్నీ తెరిచి వాడుకునే షేర్డ్ లైబ్రరీని తయారుచేస్తుంది. ఆ పొద్దున ఐదింటి మీదా ఒక్క తప్పూ లేకుండా బిల్డ్ అయింది. ఇంకేం, ఆవిడగారి కాళ్ళు నేల మీద నిలవలేదు.

పదకొండింటికి వదిన ఫోన్ చేసింది. వదిన పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఉన్నది ఆ ఐదింట్లోకల్లా పాత యంత్రం. కొత్త లైబ్రరీ పెట్టగానే రిపోర్టుల ప్రోగ్రాం తెరుచుకోకుండా మొండికేసిందట, మళ్ళీ పాతదే పెట్టుకుని నెట్టుకొస్తోందట. గడుగ్గాయి ఆఫీసు మేనేజరుకి ఇంతకంటే ఏం కావాలి? ఆ పాత యంత్రాన్ని వదిలించుకోవాలని ఎన్నాళ్ళనుంచో చూస్తున్నాడు. నాలుగింటికల్లా నడవకపోతే తాము చూసుకునే యంత్రాల జాబితాలోంచి కొట్టేస్తానన్నాడు. కొట్టేస్తే ల్యాబుకి ఇక ఏ సవరణా అందదు.

ఆ యంత్రం పేరు కనిపిస్తే ఫలానా ఆప్షన్ వాడమని ఒక్క లైను రాసేయమన్నాడు బాబాయి. పావుగంట పని. గడుగ్గాయి ససేమిరా అంది. యంత్రం పేరు అదే ఉండి, లోపల కంపైలర్ మారిపోతేనో? రేపు మళ్ళీ ఇదే గోల. తన పద్ధతి తప్పు కాదని ఆమెకి గట్టి నమ్మకం. ఎక్కడో ఏదో చూసుకోలేదంతే.

బిల్డ్ జరుగుతున్నంతసేపూ యంత్రం రాసుకున్న చిట్టా మొదటినుంచీ చదివితే దొంగ దొరికాడు. స్క్రిప్టు ఇచ్చిన ఆప్షన్ ఆ పాత కంపైలర్‌కి తెలియనే తెలియదు. తెలియదని ఓ మూల గొణిగి, దాన్ని వదిలేసి, పని అయిపోయిందని చెప్పేసింది. స్క్రిప్టు ఆ చివరి మాట ఒక్కటే నమ్మింది.

గడుగ్గాయికి నవ్వాగలేదు. అచ్చం అన్నయ్యే! బజారునుంచి ఏం తెమ్మన్నా తల ఊపుతాడు, సగం మర్చిపోయి వస్తాడు. అందుకే వదిన సంచీ విప్పి చూస్తేగానీ నమ్మదు.

స్క్రిప్టుకీ ఆ బుద్ధే నేర్పింది. ఒక్కో ఆప్షన్‌తో రెండు లైన్ల బుల్లి లైబ్రరీ ఒకటి చేయించాలి. దాన్ని ఇంకో ప్రోగ్రాంతో తెరిపించి, లోపల దాచిన ఏడు అంకెని తెమ్మనాలి. ఏడు వస్తేనే ఆ ఆప్షన్ సరైనది. రాకపోతే తరవాతది.

మూడున్నరకి ల్యాబు యంత్రం మీద నడిపింది. మొదటి ఆప్షన్‌కి కంపైలర్ ఎప్పటిలా సరేనంది, బుల్లి లైబ్రరీ మాత్రం తెరుచుకోలేదు. స్క్రిప్టు ఆగకుండా రెండోది పట్టుకుంది. ఏడు వచ్చింది. కాసేపటికి, రిపోర్టులు వస్తున్నాయని వదిన ఫోన్ చేసింది.

నాలుగింటికి మేనేజరు వచ్చి, ఇక నమ్మొచ్చా అని బాబాయిని అడిగాడు. బాబాయి తల ఊపాడు.

“తల ఊపితే కుదరదు బాబాయ్,” అంది గడుగ్గాయి కుర్చీలోంచి లేస్తూ. “కూర్చో. నువ్వే నడిపి చూడు.”

బాబాయి కూర్చున్నాడు. ఐదు యంత్రాల మీదా నడిపాడు, ఐదుసార్లూ ఏడు చూసుకున్నాడు. తరవాత ఎవరూ అడక్కుండానే తన పాత స్క్రిప్టుల ఫోల్డరు తెరిచి, ఐదింటినీ తన చేత్తోనే తీసేశాడు.