లైల్ చేతి బర్గర్లు

మొగుడూ పెళ్ళాం విడిపోతే ఇల్లెవరికి, పడవెవరికి, కుక్కెవరికి అని తేల్చడానికి లాయర్లున్నారు. స్నేహితులెవరికి అన్నది మాత్రం ఏ లాయరూ తేల్చడు. ఆ పని స్నేహితులే చేసుకుంటారు, అదీ నోరు విప్పకుండా. ఒక విందుకు ఒకరిని పిలుస్తారు, రెండోవాళ్ళను పిలవడం మరిచిపోతారు. మరిచిపోయారని ఆ రెండో మనిషికి తెలిసేసరికి విందు అయిపోయి వారం దాటుతుంది.

మార్లిస్ విషయం ఇంకా తేలలేదు. అమెరికా ఉత్తరపు అంచున, డులూత్ ఊళ్ళో సరస్సుకు ఎదురుగా, కొండవాలు మీదున్న ఇల్లు మొగుడు లైల్‌కు పోయింది. పడవా అతనికే పోయింది. కుక్క ఎలాగూ అతని కాళ్ళ దగ్గరే పడుకునేది కనుక దాని గురించి ఎవరూ పోట్లాడలేదు. మార్లిస్ రెండు గదుల అద్దె ఇంట్లోకి మారింది. ఇక మిగిలిన ఆస్తి స్నేహితులు: డార్లా, ఆమె మొగుడు ఆర్విడ్, పక్కింటి నోరిస్, అతని భార్య బెవ్. చలికాలమంతా డార్లా మార్లిస్‌కు ఫోన్ చేసేది. పెట్టేసి లైల్‌కూ చేసేదని మార్లిస్‌కు తెలుసు. నలుగురూ గోడ మీద పిల్లుల్లా ఉన్నారు. జూలై విందులో ఎటో ఒకవైపు దూకుతారని మార్లిస్ లెక్క వేసుకుంది.

జూలై విందంటే లైల్ విందే. ప్రతి ఏడూ జూలై మొదటి శనివారం అతని పెరట్లో బొగ్గులు రాజుకుంటాయి. లైల్ నడుముకు ఏప్రన్ కట్టి, చేతిలో అట్లకాడ పట్టుకుని, నాటకంలో సూత్రధారుడిలా పొయ్యి ముందు నిలబడతాడు. "ఇది మన మిన్నెసోటా బర్గర్! చీజ్ లోపల దాక్కుంది, తొందరపడి నోరు కాల్చుకోకండి! ఇది న్యూ మెక్సికో, కాల్చిన మిరపకాయ! ఇది ఓక్లహోమా, ఉల్లిపాయ!" అని ఒక్కో రాష్ట్రాన్నీ పిలిచి మరీ పళ్ళెంలో వేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. "నీ చేతిలో ఏదో మహత్తుంది లైల్!" అంటారు. అతని చేతిలో ఉండేది అట్లకాడ ఒక్కటే.

మిగతాదంతా మార్లిస్ చేతిలో ఉండేది. కొవ్వు సరిగ్గా ఉన్న మాంసం ఏరి తెచ్చి, ఇంట్లోనే కైమా కొట్టేది. న్యూ మెక్సికో నుంచి మిరపకాయలు తెప్పించి, నల్లగా కాల్చి, ఒక్కొక్కటే తొక్క వలిచేది. ఆ రోజు పొరపాటున చెయ్యి కంటికి తగిలితే ఇక ఆ రాత్రికి నిద్ర లేనట్టే. ఉల్లిపాయలు కాగితమంత పల్చగా తరిగేది. లోపల పెట్టిన చీజ్ కారిపోకుండా కైమా బిళ్ళల అంచులు మూసేది. అన్నీ పళ్ళేల్లో సర్ది మొగుడి చేతికి అందించి, తను సలాడ్ గిన్నె పక్కన నవ్వుతూ నిలబడేది. ఆ దేశంలో నిప్పు మగవాళ్ళది, కత్తిపీట ఆడవాళ్ళది. పొగడ్త నిప్పు దగ్గర నిలబడ్డవాడికే పోతుంది.

జూన్ చివర్లో లైల్ ఫోన్ చేశాడు.

"మార్లిస్, నీకు అభ్యంతరం లేకపోతే ఒక మాట. హైడీకి ఆ కైమా అదీ ఎలా కలపాలో ఒక్కసారి చూపిస్తావా? విందుకి నువ్వూ రావాలి. మనం గొడవలు పడి విడిపోలేదు కదా."

హైడీ అంటే అతను ఇప్పుడు కలిసి ఉంటున్న మనిషి. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది. నలభై దాటింది గానీ దాటినట్టుండదు.

"నువ్వే చూపించొచ్చుగా. ఇన్నేళ్ళూ చేసింది నువ్వే కదా," అంది మార్లిస్.

"అబ్బ, నాకు తిప్పడం వరకేగా వచ్చు. నీకు తెలీదా ఏంటి!"

కాపురం చేసినన్నాళ్ళూ అతని నోటి నుంచి రాని ముక్క అది. వినేవాళ్ళెవరూ లేని ఫోనులో ఎంత తేలిగ్గా వచ్చేసింది! మార్లిస్ సరేనంది. నిజంగానే నేర్పుదామనుకుంది కూడా. డార్లా వాళ్ళు చూస్తారు, మార్లిస్ ఎంత పెద్దమనసు చేసుకుందో అనుకుంటారు. విందుకు ముందు రోజు ఆ పెద్దమనసుతోనే లైల్ గుమ్మం దాకా వెళ్ళింది.

లోపల ఒకప్పటి తన వంటగదిలో తన గరిటెలు వేరే సొరుగులో ఉన్నాయి. హైడీ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరొస్తారనుకోలేదండీ! మీ స్థానంలో నేనుంటే వచ్చేదాన్ని కాదు, నిజం చెప్తున్నా. కాఫీ పెట్టనా?"

పిల్ల మంచిది. మార్లిస్‌కు ఒళ్ళు మండింది అందుకే. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"మీకు చాలా ఓపికండీ," అంటూ హైడీ ఏప్రన్ కట్టుకుంది. "లైల్ చెప్పాడు. మొదట్లో మీకసలు రాదట కదా, అంతా తన దగ్గరే నేర్చుకున్నారట! నాకూ నేర్పమంటే, తనకి ఓపిక లేదు, మార్లిస్‌ని అడుగుదాం అన్నాడు."

మార్లిస్ చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. పెద్దమనసు అక్కడితో అయిపోయింది.

బర్గర్ కైమా సంగతి మార్లిస్‌కు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మాంసం మంచులా చల్లగా ఉండాలి. చేతులు దాన్ని తాకీ తాకనట్టు తాకాలి. ఉప్పు లోపల కలపకూడదు, నిప్పు మీద వేసే ముందు పైన చల్లాలి, అంతే. ముందే ఉప్పు కలిపి పిసికారా, కైమా సాగి, బిగుసుకుని, చెప్పు అట్టలా తయారవుతుంది. దాన్ని ఇక దేవుడు కూడా బాగుచెయ్యలేడు.

"ఉప్పు ఇప్పుడే వేసెయ్," అంది మార్లిస్.

"ఇప్పుడేనా? విందు రేపు కదండీ?"

"రాత్రంతా ఊరాలి. లేకపోతే చప్పగా ఉంటుంది. ఇంకా వెయ్. ఆఁ. ఇప్పుడు పిసుకు."

హైడీ చేతులు పెట్టింది. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం మరి, వేళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇలాగా?"

"అలా సుతారంగా కాదమ్మా. రొట్టెపిండిని పిసకవా? అలా. అరచేతి మొదలుతో నొక్కి."

"ఇంకానా?"

"ఇంకా."

హైడీ నుదుటి మీది వెంట్రుకలు మోచేత్తో తోసుకుంటూ పిసికింది. మధ్యలో నవ్వి, "లైల్‌కి నచ్చితే చాలండీ, వాళ్ళ ముందు పరువు దక్కితే చాలు," అంది. "మీ స్నేహితులు నన్నింకా ఒప్పుకోలేదు. నాకు తెలుస్తూనే ఉంటుంది. మర్యాదగానే ఉంటారు, కానీ ఎవరూ నన్ను ఏమీ అడగరు."

అది వింటుంటే మార్లిస్‌కు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. కైమా జిగటగా మారి గిన్నెకు అంటుకోవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు బాగుంది. ఇంకాసేపు పిసుకు," అంది.

ఇంటికి పోతూ దారంతా ఒక్క దృశ్యాన్నే ఊహించుకుంది. అందరూ కొరుకుతారు. నములుతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆర్విడ్‌కు నోటి మీద అదుపు లేదు, అతనే అనేస్తాడు: "లైల్, ఇవి మార్లిస్ చేతివి కావే!" ఆమెకు కావలసింది ఆ ఒక్క మాట. ఇన్నేళ్ళుగా బాకీ పడిన మాట. అది బల్ల దగ్గర అందరి ముందూ పడితే చాలు, ఇల్లూ పడవా లైల్ ఉంచుకోవచ్చు.

విందు రోజు సరస్సు మీది గాలి ఎప్పటిలాగే జూలై ఎండాకాలమని చూడకుండా వణికించింది. అందరూ స్వెట్టర్లలో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. మార్లిస్‌ను డార్లా కౌగలించుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. లైల్ ఏప్రన్ కట్టి రాష్ట్రాల పేర్లు పిలిచాడు. చప్పట్లు పడ్డాయి. బిళ్ళలు బన్నుల్లోకి దిగాయి, బన్నులు పళ్ళేల్లోకి దిగాయి.

మార్లిస్ తన దాన్ని కొరికింది. పంటి కింద నుంచి తిరిగి తన్నింది అది. చీజూ, మిరపకాయా ఏమీ దాన్ని దాచలేకపోయాయి. అంత చెడ్డ బర్గర్‌ను ఆమె పుట్టి బుద్ధెరిగాక తినలేదు. తల ఎత్తి చూసింది.

ఆర్విడ్ నములుతున్నాడు. ఇంకా నములుతున్నాడు. నోరిస్ బీరు గుక్కతో ముద్దను కిందికి తోశాడు. బెవ్ రుమాలుతో మూతి తుడుచుకుంది.

"అదిరిపోయాయి లైల్!" అన్నాడు ఆర్విడ్.

"ఈసారి ఇంకా బాగున్నాయి," అంది బెవ్.

"నీ చేతిలో ఏదో ఉంది, ఒప్పుకోవాలి," అన్నాడు నోరిస్.

మార్లిస్ డార్లా వైపు చూసింది. డార్లా మిరపకాయ బర్గర్‌ను రెండోసారి కొరుకుతూ, "ఊఁ, బాగుంది," అని తల ఊపింది.

బల్ల చివర హైడీ తన పళ్ళెం ముట్టుకోకుండా ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది. ఒక్కో పొగడ్తకూ ఆమె ముఖం కాస్త కాస్త విచ్చుకుంటోంది. అప్పుడు లైల్ బీరు గ్లాసు ఎత్తాడు.

"ఒక్క నిమిషం! ఇందులో నా గొప్పేం లేదు. అంతా హైడీయే చేసింది. నిన్న పొద్దుట్నుంచీ వంటగదిలోనే ఉంది పాపం. నేను తిప్పానంతే!"

బల్లంతా చప్పట్లు. ఆర్విడ్ ఈల కూడా వేశాడు. "హైడీ! హైడీ!" అని అరిచారు. హైడీ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

మార్లిస్‌కు లైల్ చివరి ముక్క తప్ప ఇంకేమీ వినిపించలేదు. నేను తిప్పానంతే. ఎన్ని జూలైలు ఆమె సలాడ్ గిన్నె పక్కన నిలబడి ఈ ముక్క కోసం ఎదురుచూసింది! కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"ఇవి బాగోలేవు," అంది.

చప్పట్లు ఆగాయి.

"ఏంటే?" అంది డార్లా మెల్లగా.

"బాగోలేవంటున్నా! రబ్బరు! మీ నోళ్ళకేమైంది? మీరు తింటున్నదేంటో మీకు తెలీడం లేదా? కైమాలో ముందు రోజే ఉప్పు కలిపించా. పిసికించా. పాడు చెయ్యాలనే నేర్పా ఆ పిల్లకి! ఒక్కళ్ళకైనా తేడా తెలీలేదా? ఇన్నేళ్ళూ మీకు పెట్టింది నేను! నేనని ఒక్కళ్ళకైనా తెలుసా?"

గాలికి కాగితం రుమాలు ఒకటి ఎగిరి గడ్డిలో పడింది. ఎవరూ తియ్యలేదు. చివరికి బెవ్ మాట్లాడింది. అన్నం పెట్టిన చేతిని పట్టుకున్నంత మెత్తగా మాట్లాడింది.

"తెలిసింది మార్లిస్. మొదటి ముద్దకే తెలిసింది."

"మరి ఇన్నేళ్ళూ?"

"అదీ తెలుసు. లైల్‌కి ఉల్లిపాయ తరగడం కూడా రాదని ఎవరికి తెలీదు?"

"ఇదిగో..." అన్నాడు లైల్. ఎవరూ అతని వైపు చూడలేదు.

"తెలిసీ ఒక్కసారి కూడా అనలేదా?" మార్లిస్ డార్లా వైపు తిరిగింది. "నువ్వు? నువ్వు కూడానా?"

డార్లా ముఖం ఎర్రబడింది. "వాడికి పొగడ్త కావాలి మార్లిస్. లేకపోతే మూతి ముడుచుకుంటాడు, విందు పాడవుతుంది. నీకవసరం లేదనుకున్నాం. నువ్వెప్పుడూ నవ్వుతూనే ఉండేదానివిగా."

మార్లిస్ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఇంతసేపూ వాళ్ళను మూర్ఖులనుకుంది. మూర్ఖులైనా బాగుండేది. వాళ్ళకంతా తెలుసు. తెలిసి, ఆమె వండింది తిని, ఆమె పక్కనే నిలబడి, ఆమె మొగుణ్ణి మెచ్చుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు.

హైడీ తన చేతుల వైపు చూసుకుంటోంది. "వేళ్ళు మొద్దుబారిపోయే దాకా పిసికానండీ," అంది. కోపంగా కూడా అనలేదు. "మీరు పక్కనే నిలబడి ఇంకా, ఇంకా అన్నారు."

అప్పుడు ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. తన పళ్ళెం ఎత్తి బల్ల మీదుగా చాపాడు.

"హైడీ, నాకింకొకటి వెయ్యమ్మా."

హైడీకి అర్థం కాలేదు. "ఆ చీజ్ పెట్టింది," అన్నాడతను. "బాగా ఆకలిగా ఉంది."

ఆమె లేచి వేసింది. 

"నాకూ," అన్నాడు నోరిస్.

"నాకు సగం చాలు. లేదు, మొత్తం వేసెయ్," అంది బెవ్. "ఇలా రా హైడీ, నా పక్కన కూర్చో. మీ ఊరేదో చెప్పనే లేదు నువ్వు. మీ అమ్మావాళ్ళు ఎక్కడుంటారు?"

మార్లిస్ ఇంకా నిలబడే ఉంది. డార్లా పళ్ళెం వైపే చూస్తోంది. అందులో ఇంకా సగం బర్గర్ మిగిలే ఉంది. డార్లా ఆ సగాన్ని పక్కకు జరిపింది, మార్లిస్ వైపు చూడకుండా పళ్ళెం ముందుకు చాపింది.

"నాకు ఉల్లిపాయది."

ఆ ఊళ్ళో విందు నుంచి ఎవరైనా లేస్తే అంత తేలిగ్గా పోనివ్వరు. బల్ల దగ్గర ఒకసారి, గుమ్మంలో ఒకసారి, కారు దగ్గర మరోసారి వీడ్కోలు చెప్తారు. కారు కదిలాక కూడా అద్దం మీద కొట్టి ఆపి ఇంకో కబురు చెప్తారు. మార్లిస్ చేతిసంచీ తీసుకుని గడ్డి మీదుగా, ఇంటి పక్క సందులోంచి వీధిలోకి నడిచింది. కారు తలుపు తీసి కాసేపు పట్టుకుని నిలబడింది. పెరట్లో హైడీ ఏదో చెప్తోంది, నలుగురూ నవ్వుతున్నారు. ఎవరూ రాలేదు. ఆమె కారెక్కి తలుపు వేసుకుంది.