పస్తు వైద్యం

భాగీరథికి దమ్ము, అంటే ఉబ్బసం, పెళ్ళయ్యాకే మొదలైంది. అత్త బస్వమ్మ మాత్రం పుట్టింటి నుంచి మూటగట్టుకొచ్చిందని వాడంతా చెప్పింది. తీర్పు కూడా తనే ఇచ్చింది. ఉగాదిలోగా దమ్ము పోకపోతే కోడలిని కోహీర్‌లో తల్లిగారింట దింపేస్తారు. మనవడు మాత్రం ఇక్కడే ఉంటాడు. పిల్లవాడు ఇంకా తల్లిపాలు తాగుతున్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఆగిందట. ఎంత దయగల తల్లో!

జహీరాబాద్ చుట్టూ అల్లం పండుతుంది, కాబట్టి మందుకు కొదవలేదు. అల్లం దంచి, మిరియాలు వేసి కాచిన కషాయం బస్వమ్మ దగ్గరుండి తాగించేది. తాగినకొద్దీ గుండెల్లో మంట, నోట్లోకి పుల్లటి నీళ్ళు, ఆపైన పిల్లికూతలు. దమ్ము మొండిదని మర్నాడు ఇంకాస్త అల్లం వేసేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ ఇంట్లోనే పుట్టి ఉండాలి.

ఒక పొద్దున ఆయాసం ఎంతకీ ఆగకపోతే డాక్టర్ జగన్‌మోహన్ దగ్గరికి తీసుకుపోయారు.

"రాత్రి ఎప్పుడు తింటవమ్మా?" అని అడిగాడాయన.

"మా ఆయన కార్ఖానాల రెండో షిఫ్టు దిగొచ్చి తిన్నంక."

"తినంగనే పండుకుంటవా?"

"పొద్దుగాల్ల లేవాలె గద సార్."

డాక్టరు బస్వమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, కడుపులున్న పులుపు పండుకోంగనే గొంతులకు ఎగదన్నుతున్నది. గదే దమ్మును లేపుతున్నది. గోలీలు రాసిస్త. అల్లం, మిరియాలు బంద్ చెయ్యున్రి. పొద్దుగూకక ముందే ఆమెను తిననియ్యున్రి. తలకాడ మంచం జర ఎత్తు పెట్టున్రి. ఫికర్ లేదు, తగ్గుతది."

మొగుడు తినకముందు పెళ్ళాం ముద్ద ముట్టడం ఆ ఇంట్లో ఏ తరంలోనూ లేదు. బజారు దాటకముందే బస్వమ్మ తన వైద్యం తాను తేల్చుకుంది.

"మొగోనికంటె ముందు ఆడది తింటదా? తిన్నంకనే గద నీకు దమ్ము లేస్తున్నది? ఇగ రాత్రి తినుడే బంద్. పీడ పోతది."

"పిల్లగానికి పాలెట్ల అత్తమ్మా?"

"నీళ్ళు తాగు. పాలైతయి."

భర్త ఇంద్రసేనకు చెబితే, "అమ్మ పెద్దది, ఆమె చెప్పినట్టు ఇను," అని రొట్టె తుంచుకున్నాడు. ఆ రొట్టె చేసింది భాగీరథే. ఇలాంటి మగవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆకలి ఓర్చుకోవచ్చు గానీ కొడుకును వదిలి బతకడం తన వల్ల కాదనుకుంది భాగీరథి. దమ్ము మళ్ళీ లేస్తుందేమోనన్న భయంతో మధ్యాహ్నం తిండి కూడా మానేసి, పొద్దున ఒక రొట్టె తిని, మిగతా రోజంతా నీళ్ళతో గడిపేది.

దమ్ము తగ్గింది. నిజంగానే తగ్గింది! ఖాళీ కడుపులోంచి గొంతుకు ఎక్కడానికి ఏముంటుంది? బస్వమ్మ ఇంటింటికీ తిరిగి తన గొప్ప చెప్పుకుంది. పక్కింటి మక్సూదా ఒక్కతే, "కోడలు కట్టెపుల్లైంది, జర చూడు బస్వమ్మా," అంది. ఆ తర్వాత బస్వమ్మ ఆమెతో మాటలు మానేసింది.

చలికాలం పోయేసరికి పాలు ఎండిపోయాయి. పిల్లవాడు రొమ్ము పట్టి, రాక, ఏడ్చి, చివరికి బర్రెపాలకు అలవాటుపడ్డాడు. అల్లం తవ్వుతూ భాగీరథి చేనులోనే రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది.

ఉగాది ముందు బస్వమ్మ ఆమె బట్టలు మూటకట్టింది.

"దమ్ము పోయింది గదా అత్తమ్మా!" అంది భాగీరథి.

"పోతే పోయింది. చేన్ల పనికి బలమేది? పిల్లగానికి పాలేవి? నీతోని ఏం పని?"

ఇంద్రసేన ఆమెను కోహీర్ బస్సు ఎక్కించాడు. బస్వమ్మ చంకలో పిల్లవాడు బస్సును చూసి సంబరంగా చేతులూపాడు. బస్సు కదలగానే భాగీరథి కిటికీలోంచి కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఊరు దాటేదాకా పిలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు.