పది అక్షరాల పేరు

జెనొవీవ్ ప్రిజ్‌బిల్‌స్కీ కౌంటీ ఆఫీసులో అడుగు పెట్టేసరికి మధ్యాహ్నం మూడూ నలభై. స్కూలు బోర్డు ఎన్నికకి నామినేషన్ల గడువు నాలుగు గంటలు. నిజానికి అది రెండు నిమిషాల పని. ఫారం నింపి, సంతకం పెట్టి, కౌంటరు కిటికీలోంచి లోపలికి తోస్తే అయిపోయేది. కానీ ఆ ఫారం మూడో లైనులో ఒక కామా ఉండకూడని చోట ఉంది, ఏడో లైనులో ఒక మాటకి ఒక అక్షరం ఎక్కువైంది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పిన మనిషి అలాంటి కాగితం మీద సంతకం ఎలా పెడుతుంది? బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, బల్ల దగ్గర కూర్చుని, కౌంటీ వాళ్ల ఫారాన్ని దిద్దడం మొదలుపెట్టింది. వెనక పేజీలో ఇంకో నాలుగు తప్పులు దొరికాయి. ఆవిడకి ఉత్సాహం వచ్చింది.

తలెత్తేసరికి కిటికీ అవతల గుమాస్తా రోక్సాన్ టిబిట్స్ గడియారం చూపిస్తోంది. రోక్సాన్ కూడా ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు యాభై దాటింది.

"టీచర్, నాలుగూ రెండు అయింది."

"నేను ఇరవై నిమిషాల నుంచి నీ ఎదురుగానే ఉన్నాను కదమ్మా."

"ఉన్నారండీ. ఫారం మాత్రం నా చేతికి రాలేదు. బెల్లు కొట్టాక ఇచ్చిన హోంవర్కు చెత్తబుట్టకే అని మీరే కదా చెప్పేవారు?"

రోక్సాన్ గొంతులో కక్ష లేదు. అదే జెనొవీవ్‌ని ఎక్కువ బాధపెట్టింది. తను నేర్పిన పాఠం ఇంత శ్రద్ధగా గుర్తు పెట్టుకున్న పిల్లని ఏమనగలదు?

"ఇంకో దారి ఉంది టీచర్," అంది రోక్సాన్ జాలిపడి. "చేతిరాత అభ్యర్థిగా నిలబడొచ్చు. దానికింకా టైముంది. మీ పేరు బ్యాలెట్ మీద అచ్చులో ఉండదు. ఓటేసేవాళ్లే ఖాళీ గీత మీద చేత్తో రాయాలి." అని ఒక్క క్షణం ఆగింది. "మీ పేరు... రాయాలి మరి."

అసలు చిక్కు అక్కడే వచ్చింది. పెళ్లికి ముందు ఆవిడ జెనొవీవ్ కోల్. నాలుగక్షరాలు, ఎవడైనా రాస్తాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసే స్టాన్‌ని ప్రేమించి చేసుకుంది. అతను పోయి ఆరేళ్లయినా అతని పేరు ఆవిడని వదల్లేదు. నోటితో అంటే ఊరందరికీ అది ప్రిజ్‌బిల్‌స్కీయే. కాగితం మీద పెట్టాలంటే మాత్రం పది అక్షరాలు. పి పక్కన ఆర్, దాని పక్కన జెడ్, ఐ రావాలనిపించే రెండు చోట్లా వై, చివర వై రావాలనిపించే చోట ఐ. పోలెండు నుంచి ఓడెక్కిన స్టాన్ తాత అన్నీ వదిలేసి ఈ స్పెల్లింగ్ ఒక్కటీ మూటకట్టుకుని తెచ్చుకున్నాడు.

అయినా నిలబడక తప్పదు. మిషిగన్‌లో బీట్‌దుంపల పొలాల మధ్య ఉన్న హార్లెట్ ఊరి స్కూలు బోర్డులో ఏడు కుర్చీలు. స్కూలు లైబ్రరీ ఎత్తేసి, ఆ హాల్లో ఫుట్‌బాల్ కుర్రాళ్లకి బరువులెత్తే జిమ్ పెట్టాలని ముగ్గురు, వద్దని ముగ్గురు. ఏడో కుర్చీ ఖాళీ. అందులో ఎవరు కూర్చుంటే లైబ్రరీ వాళ్ల చేతిలో ఉంటుంది. జెనొవీవ్ ముప్ఫై ఎనిమిదేళ్లు మధ్యాహ్నం భోజనం చేసింది ఆ లైబ్రరీలోనే. అది పోతే తను బతికిన బతుక్కి గుర్తుగా ఊళ్లో ఇంకేమీ మిగలదని ఆవిడ భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ కుర్చీకి నామినేషన్ వేళకి వేసినవాడు లైల్ బాగ్స్. ట్రాక్టర్ల షాపు యజమాని, ఫుట్‌బాల్ అభిమాన సంఘం అధ్యక్షుడు. ఊరంతా అతని బోర్డులే. జెనొవీవ్ కారు ఆపుకుని ఒక్కో బోర్డూ పరీక్షగా చూసింది. ఒక్క తప్పు దొరకలేదు. దొరకదు కూడా. ఏడో తరగతిలో జిల్లా స్పెల్లింగ్ పోటీలో మెడల్ కొట్టినవాడు లైల్, కొట్టించింది తనే. ఎంత పెద్ద మాటైనా తడుముకోకుండా రాసేవాడు. అలా రాసిన మాటలున్న పుస్తకం ఒక్కటి తెరిచిన పాపాన మాత్రం పోలేదు.

ప్రచారం అంటే అందరూ ఓటడుగుతారు. ఆవిడ డిక్టేషన్ పెట్టింది. శుక్రవారం సాయంత్రాలు చర్చి హాల్లో చేపల వేపుడు విందుకి ఊరంతా చేరుతుంది. జెనొవీవ్ ఒక చేత్తో అట్టముక్కలు, ఒక చేత్తో పెన్సిళ్లు పట్టుకుని వరస చివర, సరిగ్గా సాస్ గిన్నె పక్కన నిలబడింది.

"ఒక్కసారి నా పేరు రాసి చూపించి వెళ్లండి."

"టీచర్, చేపలు చల్లారిపోతున్నాయి."

"రెండో వై ఎక్కడుందయ్యా? చేప ఎక్కడికీ పారిపోదు."

"మీకే వేస్తానని అంటున్నా కదండీ. తప్పు రాస్తే వెయ్యనట్టా?"

"తప్పు రాస్తే అది నా పేరెలా అవుతుంది?"

వెనక ఎవరో నవ్వారు. "పోనీ లైల్‌కే వేసేద్దాంరా, ఆ పేరు పక్కన గీకితే చాలు. సాస్ కూడా తొందరగా దొరుకుతుంది."

మందుల షాపు కార్ల్ లాంటి వాళ్లు, అంటే ఒకప్పటి మొదటి బెంచీ వాళ్లు, రెండు వారాల్లో నేర్చేసుకున్నారు. కార్ల్ ఒకరోజు అడిగాడు కూడా. "టీచర్, పేరు రాశాక పక్కనున్న సున్నా కూడా నల్లగా నింపాలట కదా?"

"సున్నా సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు జెడ్ సరిగ్గా రాయి."

కార్ల్ జెడ్ సరిగ్గా రాశాడు. ఆవిడ వెన్ను తట్టింది.

నవంబరులో పోలింగు అయిపోయింది. చేత్తో రాసిన ఓట్లు మిషను చదవలేదు కాబట్టి వారం తర్వాత కౌంటీ భవనంలో నలుగురు పరిశీలకులు వాటిని ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లకి పెద్ద వెర్నా గ్రౌల్. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, జెనొవీవ్ కంటే పెద్దది, ఆవిడ దగ్గర చదువుకోని కొద్దిమందిలో ఒకతె. అందుకే ఆవిడంటే భయం లేదు. బల్లకి ఒక పక్క లైల్, ఇంకో పక్క జెనొవీవ్. మూల కంప్యూటరు దగ్గర రోక్సాన్.

లైల్‌కి వచ్చినవి నాలుగువందల పన్నెండు. వాటితో పేచీ లేదు. జెనొవీవ్ ఓట్లని వెర్నా మూడు కట్టలు చేసింది. సున్నా నింపి, పేరు తప్పు లేకుండా రాసినవి రెండువందల ఎనభై ఒకటి. తప్పు లేకుండా రాసి, సున్నా నింపడం మరిచినవి నలభై నాలుగు. సున్నా శుభ్రంగా నింపి, పేరు మాత్రం ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు రాసినవి నూట ముప్ఫై రెండు.

"ఈ నలభై నాలుగూ చెల్లవు," అంది వెర్నా. "సున్నా నింపకపోతే ఓటు లేనట్టే. చట్టంలో అలాగే రాసుంది. బ్యాలెట్ మీద కూడా పైనే ఇంత లావు అక్షరాలతో ఉంది."

జెనొవీవ్ ఆ కట్ట వంక చూసింది. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. చేతిరాతని బట్టి ఒక్కొక్కర్నీ పోల్చగలదు. మందుల షాపు కార్ల్, బ్యాంకు మేనేజరు, చర్చిలో పియానో వాయించే ఆవిడ, అందరూ మొదటి బెంచీయే. పది అక్షరాలూ రెండుసార్లు సరిచూసుకుని ఉంటారు, సూచనలు చదవడానికి తీరిక దొరికి ఉండదు. అన్నిటికంటే పైనున్న కాగితం మీద గీత గీసినట్టు నిలబడ్డ రాత ఇంకెవరిదో కాదు, తనదే. ఆవిడకి చెవులు వేడెక్కాయి.

లైల్ కూడా పోల్చాడు. ఆ రాతని ఏడాదంతా క్లాసులో నల్లబల్ల మీద చూసినవాడే కదా. "పైనున్నది చాలా అందంగా ఉంది టీచర్," అన్నాడు.

"రూలు రూలే. తీసెయ్ వెర్నా," అంది జెనొవీవ్.

ఇక మిగిలింది తప్పుల కట్ట. లైల్ లేచి నిలబడ్డాడు. "ఇవి కూడా చెల్లవండీ. ఇదిగో చూడండి, ఇందులో జెడ్డే లేదు. దీంట్లో 'ఈ'లు మూడున్నాయి. ఇలాంటి పేరు గల మనిషి ఈ కౌంటీలోనే లేరు."

"రాసినవాళ్ల ఉద్దేశం తెలుస్తుంటే చాలని చట్టం," అంది వెర్నా.

"ఉద్దేశానికేం, నాక్కూడా ఏడో తరగతిలో ఒకసారి పదికి పది తెచ్చుకోవాలనే ఉద్దేశం ఉండేది. ఒక్క అక్షరం పోయిందని ఈవిడ సున్నా వేశారు. అక్షరం తప్పితే మాటే తప్పని చెప్పారు. టీచర్, మీరు అబద్ధం ఆడరని ఊరందరికీ తెలుసు. మీరే చెప్పండి. మీ క్లాసులో వీటికి మార్కు వేసేవారా?"

"వేసేదాన్ని కాదు," అంది జెనొవీవ్.

రోక్సాన్ తల పట్టుకుంది. పరిశీలకుల్లో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లైల్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం చూస్తే జెనొవీవ్‌కి లైబ్రరీ హాల్లో ఇనుప బరువులు నేల మీద పడుతున్న చప్పుడు వినిపించినంత పనయింది. వీణ్ణి తయారుచేసింది నేనే, మెడల్ కూడా వేయించాను అనుకుంది.

"వెర్నా, వాటిని పైకి చదువు," అంది.

"ఎందుకే? కనబడుతూనే ఉన్నాయిగా."

"కళ్లతో కాదు. నోటితో చదువు, నేను వింటాను."

వెర్నా మొదటి కాగితం ఎత్తింది. "ప్రిజ్‌బిల్‌స్కీ." రెండోది ఎత్తింది. "ప్రిజ్‌బిల్‌స్కీ." మూడోదాన్లో 'ఈ'లు మూడున్నాయి, నాలుగోదాన్లో జెడ్ బదులు ఎస్ ఉంది, ఐదోదాన్లో సగం అక్షరాలు లేనే లేవు. నోటికి వచ్చేసరికి అన్నీ ప్రిజ్‌బిల్‌స్కీయే. పాతిక దాటాక ఇంకో పరిశీలకుడు కూడా గొంతు కలిపాడు. గదంతా ఆ పేరే మోగుతోంది. తన పేరు ఇన్నిసార్లు ఇంతమంది పిలవగా ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"ఇంకేమైనా చెప్పాలా లైల్?" అంది వెర్నా నీళ్లు తాగుతూ. రోక్సాన్ లెక్క కడుతూ పోయింది. నూట ముప్ఫై ఒకటి అయ్యేసరికి ఇద్దరూ నాలుగువందల పన్నెండు దగ్గర సమానంగా నిలబడ్డారు.

చివరి కాగితం చూసి వెర్నా ఆగింది. దగ్గరికి, దూరానికి పెట్టి చూసింది. "ప్రిజ్... డిల్‌స్కీ," అని చదివింది.

లైల్ ఒక్క ఉదుటున లేచాడు. "డిల్‌స్కీ. విన్నారుగా? చెవితో విన్నా ఇది ఆవిడ పేరు కాదు. బి ఉండాల్సిన చోట డి ఉంది."

వెర్నా కాగితాన్ని బల్ల మీద జెనొవీవ్ వైపు జరిపింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కారంటే రెండు చోట్ల కాగితం చిరిగింది. సున్నా మాత్రం అంచు దాటకుండా నల్లగా నింపి ఉంది. జెనొవీవ్ చూడగానే పోల్చింది. ఆ రాత ఆర్లో డ్యూప్రేది. ఇప్పుడు ఊరి చెత్తబండి నడుపుతున్నాడు. వాణ్ణి ఏడో తరగతిలోనే రెండేళ్లు కూర్చోబెట్టింది తను. ఎన్నిసార్లు దిద్దినా వాడి బి అటు తిరిగి డి అయ్యేది. మధ్యాహ్నం వేళ లైబ్రరీలో ఓ మూల కూర్చుని పటాల పుస్తకం తిప్పుతుంటే, చలికి వచ్చి కూర్చున్నాడులే అనుకునేది. అక్షరాలు నిలకడగా కనబడని మనిషి, తనని ఫెయిల్ చేసిన టీచరు పేరు, లైబ్రరీ కోసం, ఇంత కష్టపడి రాశాడు. ఆవిడ సిగ్గుతో కుంచించుకుపోయింది.

"అది బి," అంది.

"టీచర్, డి అని చిన్నపిల్లాడిక్కూడా తెలుస్తుంది," అన్నాడు లైల్.

"బి-యే లైల్. ఈ అబ్బాయి బి అటువైపు తిరిగి ఉంటుంది. ఎప్పుడూ అంతే."

"ఎవరీ అబ్బాయి?"

"ఎవరో చెప్పకే," అంది వెర్నా గట్టిగా. "ఓటు రహస్యం."

"పేరు చెప్పను. ఈ బి చుట్టూ రెండేళ్లు ఎర్ర సున్నాలు చుట్టాను. ఎందుకలా తిరుగుతోందిరా అని ఒక్కసారి కూడా అడగలేదు. కావాలంటే పాత జవాబు కాగితాలు నా అటకమీద ఉన్నాయి, తెచ్చి చూపిస్తాను. తప్పు వాడిది కాదు."

ఆవిడ తన తప్పు ఒప్పుకోగా ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినలేదు. లైల్ కూర్చున్నాడు. పరిశీలకులు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు.

"ప్రిజ్‌బిల్‌స్కీ, నాలుగువందల పదమూడు," అని వెర్నా పైకి చదివింది.

గెలిచిన మనిషి మాత్రం ఆ కాగితం మీంచి తలెత్తలేదు.