సగం నొప్పి

సోమవారం సూర్యాపేట, బుధవారం కోదాడ, శుక్రవారం మిర్యాలగూడ. సారమ్మకు వారమంతా బస్సుల్లోనే గడిచేది. చేతిసంచిలో ఒక గుడ్డబొమ్మ, ఒక మంకీ టోపీ ఉండేవి. టోపీ కంతలోంచి బొమ్మ తల మెల్లగా బయటికి తీసి, బిడ్డ ఎట్లా పుడుతుందో చూపించేది. గర్భిణులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆ తర్వాత ఊపిరి ఎట్లా తీసుకోవాలో, ఏ పక్కకు ఒత్తిగిలి పడుకోవాలో, ఎప్పుడు దవాఖానకు పోవాలో చెప్పేది.

ఇరవై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. కాన్పు గదిలో ఆడవాళ్లు నొప్పికంటే భయానికే ఎక్కువ అరుస్తారని ఆమెకు తెలుసు. భర్త జానయ్య చనిపోయిన ఏడాదే ఉద్యోగం మానేసి, సూర్యాపేటలో ఒక కిరాణా కొట్టు మీది అర్ర కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది. "కనుడు గూడ క్లాసుల నేర్సుకోవాల్నా?" అని అత్తలు మూతులు తిప్పారు. మొదటి మూడు నెలలు బొమ్మతో తానొక్కతే కూర్చుంది.

తర్వాత రేణుకమ్మ అనే బడిపంతులు భార్య వచ్చింది. ఆమెకు నొప్పులు మొదలైన రోజు, సారమ్మ ఇంట్లో ఉల్లిగడ్డ కోస్తూ కోస్తూ నడుము పట్టుకుని కూలబడింది. అక్కడ రేణుకమ్మకు ఎంత నొప్పి వచ్చిందో అంత ఇక్కడ సారమ్మకూ వచ్చింది. రేణుకమ్మకు రావలసింది సగానికి తగ్గింది.

అప్పటినుంచీ అంతే. క్లాసుకు వచ్చిన ప్రతి మనిషి నొప్పుల్లో సగం సారమ్మ మోసేది. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. కోదాడలో ఒక షావుకారు భార్య చేరేముందే అడిగింది: "సగమేనాండీ? ముప్పావు తీసుకోరా?"

నొప్పులు వచ్చినప్పుడు సారమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, తాను నేర్పిన ఊపిరే తాను తీసుకునేది. మూలుగు వినబడగానే కింద కొట్టు సత్తయ్య రేడియో గొంతు తగ్గించేవాడు. ఉన్నట్టుండి నొప్పి ఆగిపోయేది. అంటే బిడ్డ పుట్టిందన్నమాట. సారమ్మ ముఖం కడుక్కుని, గుప్పెడు బియ్యం పొయ్యి మీద పెట్టుకునేది. బిడ్డ మాత్రం వేరే ఇంట్లో ఎవరి ఒళ్లోనో ఉండేది.

ఆమెకు ఎన్నడూ కాన్పు కాలేదు. మూడు వందల కాన్పుల నొప్పి పడింది. ఏ ఇంటివాళ్లూ ఆమెను బారసాలకు పిలవలేదు. తల్లులు బజారులో ఎదురైతే చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు దించుకుని వెళ్లిపోయేవాళ్లు. నొప్పిని గుర్తుచేసే ముఖం ఎవరికి కావాలిలే అనుకునేది సారమ్మ.

తొంభై ఒకటి వానాకాలంలో మిర్యాలగూడ క్లాసుకు జమునా వచ్చింది. నిడమనూరు దిక్కున ఒక తండా పిల్ల. తొలిచూలు. అత్త భూలికి తెలియకుండా, భర్త ఫూల్‌సింగ్ సైకిల్ మీద దింపిపోయేవాడు. ఆమె ఒక్కతే ప్రశ్నలు అడిగేది.

"నొప్పి మజ్జన ఆగుతదంటివి గద టీచరమ్మా, ఆగకుంటె?"

"ఆగకుంటె అది మంచి నొప్పి గాదు బిడ్డా. ఎంటనే దవాఖానకు ఉరుకాలె."

ఒక శుక్రవారం జమునా రాలేదు. సారమ్మ బొమ్మను చేతిలోకి తీసుకుందో లేదో, కడుపులో ఎవరో గుంజి ముడివేసినట్టయింది. క్లాసులో వాళ్లంతా తలలెత్తారు. "ఎవలిదమ్మా?" అనడిగింది ఒకామె. సారమ్మ లెక్క వేసుకుంది. ఆ వారం కాన్పు గడువున్నవాళ్లు ఏ ఊళ్లోనూ లేరు. ఇక్కడికి రానిది జమునా ఒక్కతే. ఆమెకింకా నెలన్నర గడువుంది. నొప్పి తగ్గడం కోసం ఆగి చూసింది. తగ్గలేదు. కడుపు రాయిలా బిగిసిపోయి అట్లాగే ఉంది.

"జీపు పిలువుండ్రి," అంది.

నిడమనూరు దారి అంతా గుంతలే. సారమ్మ జీపులో ముందు కడ్డీని పట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చుంది. తండాలో దిగేసరికి గుడిసె ముందు భూలి జొన్నలు చెరుగుతూ ఉంది.

"కోడలికి కడుపునొప్పి. నెలలు నిండలే, గిప్పుడు ఏం కాన్పు?"

"నాకొచ్చింది సగమే. నేనే నిలవడలేకున్న. ఆమె ఎట్లున్నదో సూడు!"

భూలి చేట కింద పెట్టి లోపలికి పోయింది. తానే కోడలిని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి జీపులో పడుకోబెట్టింది.

దవాఖానలో, మాయ విడిపోతున్నదనీ, ఇంకో అరగంట ఆగితే ఇద్దరూ దక్కేవాళ్లు కాదనీ డాక్టరమ్మ చెప్పి, మత్తిచ్చి ఆపరేషన్ చేయాలని లోపలికి తీసుకుపోయింది. బయట బల్ల మీద సారమ్మకు నొప్పి తటాలున తెగిపోయింది. కాసేపటికి లోపల ఆడపిల్ల ఏడ్చింది. కబురందుకుని వచ్చిన ఫూల్‌సింగ్, భూలి తలుపు దగ్గరికి ఉరికారు. సారమ్మ సంచి తీసుకుని బస్సెక్కింది.

రెండు నెలల తర్వాత జమునా బిడ్డనెత్తుకుని సూర్యాపేట అర్రకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి గోడలన్నీ చూసింది. ఒక మంచం, ఒక పళ్లెం, ఒక గ్లాసు.

"గిదే అర్ర," అంది. "నొప్పులల్ల నాకు కనవడ్డది."

"ఏం కనవడ్డది?"

"గీ మంచం, గీ కిటికి. ఎవ్వరు లేకుండె. నా పాణం బోతదని గాదు టీచరమ్మా, గీ అర్రల ఒక్కదాన్నే ఉండాల్నేమో అని బయమేసింది. ఇప్పుడే నీ ఇల్లు చూపెట్టిన రేణుకమ్మక్కను అడిగిన. ఆమెకు గూడ కనవడ్డదంట. అందరికి కనవడతదంట."

సారమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. మూడు వందల మంది తన అర్రను చూశారు. తనతోపాటు తన ఒంటరితనం మోశారు.

"మరి ఒక్కలన్న చెప్పలేదేందే?"

"ఎట్ల చెప్తరు? నువ్వు మా నొప్పి తీస్కుంటివి. నీది మాకొచ్చిందని చెప్తె నువ్వు సిగ్గుపడ్తవని ఊకున్నరు." జమునా బిడ్డను ఆమె ఒళ్లో పెట్టింది. "మా తండల మస్తుమంది కడుపుతోని ఉన్నరు. మా మాటల నేను చెప్త, నువ్వు చూపెట్టు. మా పక్క గుడిసె ఖాళీగనే ఉన్నది. రా యాడీ."

వాళ్ల మాటలో యాడి అంటే అమ్మ. బిడ్డ సారమ్మ వేలు పట్టుకుంది. తాను నొప్పి పంచుకున్న మూడు వందల కాన్పుల్లో ఒక బిడ్డ తన ఒళ్లోకి రావడం ఆమెకు అదే మొదలు.

నెల తిరక్కుండానే సారమ్మ బోర్డు దింపి తండాకు మారింది. కొట్టు సత్తయ్య సామాను మోసి బస్సెక్కించాడు. ఆ సాయంత్రం కొత్త గుడిసెలో ఆమె బియ్యం కడగబోతుంటే, భూలి జొన్నరొట్టెలు తెచ్చి ముందు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. సారమ్మ తినేదాకా లేవలేదు.