పూతరేకు కుండ పక్కన విసనకర్ర

నేను ఒక తాటాకు విసనకర్రను. గోదావరి లంకలో ఒక ముసలాయన నా ఆకును లేతగా కోసి, నీడన ఆరబెట్టి, అంచుకు పాత చీర పేలిక కుట్టాడు. సంతలో అచ్చియ్యమ్మ కొనుక్కుంది. మొదట్లో ఆమె మొగుడు అన్నం తింటుంటే నాతో విసిరేవారు. ఆయన పోయాక కుంపటి రాజెయ్యడానికి వాడారు. ఇంట్లో కరెంటు పంకా తిరిగాక చూరులో దోపి మరిచిపోయారు. మనుషులంతే. చెమట పడితేనే మేము గుర్తొస్తాం.

మళ్ళీ నన్ను దించింది కోడలు వీరవేణి. నలభై నిండని మనిషి. రొమ్ములో కేన్సరు గడ్డ వస్తే కోసి తీశారు, మందులు ఎక్కించారు. ప్రాణం నిలిచింది గాని, ఆ మందులకు నెలసరి ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పటినుంచి గుండెల్లో పుట్టిన వేడి మెడమీదుగా ముఖానికి ఎక్కేది. రవిక తడిసిపోయేది. ఆ వెనకే చలి. పంకా కింద కూర్చున్నా అంతే.

ఆమెది పూతరేకుల పని. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పిండినీళ్ళలో ముంచిన పల్చటి గుడ్డను కుండ మీద పరిచి లాగితే రేకు నిలుస్తుంది. ఊపిరి గట్టిగా తగిలినా చిరుగుతుంది. అందుకే రేకులు తీసే పాకలో పంకా ఉండదు. నేనూ ఉండకూడదు.

వైద్యం అయ్యాక కుండ దగ్గర కూర్చున్న మొదటిరోజే వేడి వచ్చింది. అత్తగారు అచ్చియ్యమ్మ చూడలేక, ఇంట్లోంచి నన్ను తెచ్చి గబగబా విసిరింది. రేకు లేచి, ముక్కలై, కోడలి ముఖానికి అంటుకుంది.

"ఆపండత్తా! నన్నే పూతరేకు చుట్టేత్తారేటి?"

"చుట్టేద్దునే, బెల్లం తక్కువైంది" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వారు. కానీ ఆ సాయంత్రం వీరవేణి చల్లారిన కుండనే చూస్తూ కూర్చుంది. దాని ముందు కూర్చోలేకపోతే, బతికి ఇంటికొచ్చినట్టే కాదని ఆమె బెంగ.

వేడి తగ్గుతుందని పక్కింటి మంగాయమ్మ బిళ్ళలు తెచ్చింది. "మా ఆడపడుచు ఇయ్యే ఏసుకుందే. ఒళ్ళు మంచైపోయిందనుకో!"

నిజంగానే తగ్గిస్తాయేమో. వీరవేణి వాటిని కొంగున కట్టుకుంది. మింగలేదు. ఎవరిచ్చారో చెప్పి, పట్నంలో డాక్టరమ్మకు చూపించింది.

"ఇవి హార్మోను బిళ్ళలమ్మా. ఆవిడకి మందే. నీ జబ్బుకి మాత్రం మేత. నువ్వు వేసుకోకూడదు" అంది డాక్టరమ్మ. "వేడి వస్తుంటే గుర్తుపట్టు, భయపడకు. ఊపిరి నెమ్మదిగా తీసి, ఇంకా నెమ్మదిగా వదులు."

వీరవేణి కాఫీ మానింది. కారం తగ్గించింది. వదులు నూలు బట్టలు కట్టి, పొద్దున్నే గట్టు మీద నడిచింది. వేడి పోలేదు. దాని అడుగుల చప్పుడు మాత్రం ఆమెకు ముందే తెలియసాగింది.

ఒకరు రేకు తీస్తున్న కుండ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదని అక్కడి ఆచారం. రేకు అలుగుతుందంటారు. వదిలేసి లేస్తే కుండ మాడుతుంది. ఒకరోజు వేడి ఎక్కుతుంటే అచ్చియ్యమ్మ వచ్చి కోడలి పక్కన పీట వేసుకుంది.

"రేకు అలుగుద్దండత్తా!"

"అలిగితే నేను బతిమాలుకుంటాలే. నువ్వు లేచెళ్ళి గాలి పోసుకో."

అలా నాకు పాక బయట గుంజకు చోటు దొరికింది. ఆమె రావడం, విసురుకోవడం, తిరిగి వెళ్ళడం.

ఇంకో మధ్యాహ్నం, అచ్చియ్యమ్మ నీళ్ళకు వెళ్ళిన వేళ, రేకు కుండ మీద ఉండగా వేడి వచ్చింది. గుంజ మీంచి చూస్తున్నాను. మెడ ఎర్రబడింది. వీరవేణి లేవలేదు. ముఖం పక్కకు తిప్పి, కుండకు తగలకుండా, నెమ్మదిగా ఊపిరి వదిలింది. గడ్డం మీదికి జారిన చెమటచుక్కను భుజానికి తుడుచుకుంది. ముందు మంట, లోపల మంట. ఆ రెంటి నడుమ పొగమంచంత రేకు. దాని అంచు కిందికి రెండు వేళ్ళు పోనిచ్చి లేపింది. ఎక్కడా చిరగలేదు. గుమ్మం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, ఆ రేకులోంచి ఆమె ఎర్రటి ముఖం నాకు కనిపించింది.

నన్ను గాలి కోసం చేశారు. గాలి లేకుండా నిలబడిన మనిషిని ఆ రోజే చూశాను.

అచ్చియ్యమ్మ బిందె దించి, కోడలి ముఖం చూసి కంగారుపడింది. "వేడొచ్చిందేటే?"

"వచ్చిందండి."

"పోయిందా మరి?"

"పోద్దిలెండి. ముందీ రేకు పట్టుకోండి."